సేన్ లూయీ చర్చి – పోర్ట్ లూయిస్ నగరపు తొలి విచారణ

(తెలుగు తరగతుల విద్యార్థులు పోర్ట్ లూయిస్ నగర సందర్శనకు బయలుదేరే ముందు ఇచ్చిన ప్రసంగం)



వచ్చే శనివారం మనమందరం పోర్ట్ లూయిస్ వెళుతున్నాం. మొదట అప్రవాసి ఘాట్ చూస్తాం. తరువాత అక్కడి నుండి కాలినడకన సేన్ లూయీ చర్చికి వెళతాం. మొన్న ఈ మాట చెప్పగానే మీలో ఒకరు లేచి, "టీచర్, మనది తెలుగు తరగతి కదా, మనకు చర్చితో పనేమిటి?" అని అడిగారు. అందరూ నవ్వారు. అది నవ్వవలసిన ప్రశ్న కాదు, మంచి ప్రశ్న. అప్పుడు గంట కొట్టడం వలన నేను జవాబు చెప్పలేదు. ఈ రోజు చెబుతాను. జవాబు కొంచెం పొడుగు. ఓపికగా వినండి.

ముందు ఒక మాట తెలుసుకొందాం. ఫ్రెంచిలో 'పారువాస్' అంటారు, ఇంగ్లీషులో 'పారిష్' అంటారు. ఒక చర్చి, ఆ చర్చికి చెందిన ఇళ్ళు, వీధులు, మనుషులు, వారందరి పుట్టుకలు, పెండ్లిళ్ళు, మరణాలు రాసుకొనే పుస్తకాలు – అన్నీ కలిస్తే పారిష్. ఆంధ్ర దేశంలోని కథోలికులు దీనికి చక్కటి పేరు పెట్టుకొన్నారు. 'విచారణ' అంటారు. అక్కడి ఫాదరును 'విచారణ గురువులు' అంటారు. విచారించడం అంటే బాగోగులు కనుక్కోవడం. ఎవరు జబ్బుపడ్డారు, ఎవరింట్లో పొయ్యి వెలగలేదు అని అడిగి తెలుసుకోవడం. నాకు ఈ మాట ఫ్రెంచి మాటకంటె బాగున్నట్లు తోస్తుంది. ఈ ప్రసంగంలో ఇదే వాడతాను. ఎందుకో ముందు ముందు మీకే తెలుస్తుంది.

మీలో పాంప్లెమూస్ వైపు నుండి వచ్చేవారు వెంటనే అడ్డు తగులుతారని నాకు తెలుసు. "పాత చర్చి మా ఊరిదే కదా!" అంటారు. నిజమే. తోట దగ్గర ఉన్న ఆ చిన్న రాతి చర్చిని 1756లో కట్టారు. మన దీవిలో ఈనాటికీ నిలిచి ఉన్న చర్చి కట్టడాలలో అదే పాతది. కాని మనం మాట్లాడుకొనేది నగరపు తొలి విచారణ గురించి. సేన్ లూయీ విచారణ వయసు ఎక్కువ, దాని గోడల వయసు తక్కువ. ఈ తిరకాసు ఎట్లా వచ్చిందో వినండి.

1710లో డచ్చివారు ఈ దీవిని విడిచిపెట్టి వెళ్ళిపోయారు. 1715లో ఫ్రెంచివారు దీనిని తమదని ప్రకటించి 'ఈల్ ద ఫ్రాన్స్' అని పేరు పెట్టారు. 1722 నాటికి కొద్దిమంది వలసదారులు, సైనికులు, బానిసలు ఇక్కడికి చేరారు. వారితోపాటు లాజరిస్టు సంఘానికి చెందిన ఫాదర్లు వచ్చారు. అప్పటికి ఇక్కడ నగరమేమీ లేదు. ఒక రేవు, చుట్టూ అడవి, నాలుగు గుడిసెలు. 1735లో మాహె ద లాబూర్దొనే గవర్నరుగా వచ్చిన తరువాత ఆ గుడిసెల చోట పోర్ట్ లూయిస్ నగరం లేచింది. రేవు వద్ద ఆయన విగ్రహం మీరు చూసే ఉంటారు. 1746లో ఇంగ్లీషువారి నుండి మద్రాసు పట్టుకొన్నది కూడా ఈయనే. ఆయన పెద్ద నది నుండి కాలువ తవ్వించి నగరానికి నీరు తెప్పించాడు. ఆసుపత్రి, గిడ్డంగులు, ఓడల మరమ్మతు స్థలం కట్టించాడు.

కట్టించాడు అని చరిత్ర పుస్తకాలు రాస్తాయి. కట్టినవారెవరు? మొజాంబిక్ నుండి, మడగాస్కర్ నుండి ఓడలలో తెచ్చిన బానిసలు. పుదుచ్చేరి నుండి తెచ్చిన మేస్త్రీలు, వడ్రంగులు, కమ్మరులు. అంటే మన కూలీల ఓడలు రావడానికి దాదాపు నూరేళ్ళ ముందే భారతీయుల చేతులు ఈ నగరపు రాళ్ళను తాకాయి. ఆ పుదుచ్చేరి పనివారిలో కథోలికులు కూడా ఉన్నారు.

విచారణకు పెట్టిన పేరు సేన్ లూయీ. ఆయన 13వ శతాబ్దంలో ఫ్రాన్సును ఏలిన తొమ్మిదవ లూయీ రాజు. కథోలికులు ఆయనను పునీతునిగా కొలుస్తారు. నగరం పేరులోనూ లూయీయే, చర్చి పేరులోనూ లూయీయే. ఫ్రాన్సులో లూయీ అనే పేరుగల రాజులు ఒకరు కాదు, ఇద్దరు కాదు. పరీక్షలో ఏ లూయీ అని అడిగితే తడబడకండి.

చర్చి కోసం 18వ శతాబ్దపు మధ్యకాలంలో ఒక పెద్ద కట్టడం లేపారు. కాని మన దీవిలో ఏది కట్టినా తుఫానును అడిగి కట్టాలి. 1773లో వచ్చిన తుఫాను నగరాన్ని ధ్వంసం చేసింది. ఓడలు ఒడ్డుకు కొట్టుకొచ్చాయి. ఇళ్ళు వందలకొద్దీ కూలాయి. చర్చి కూడా పాడయింది. మళ్ళీ కట్టారు. మళ్ళీ శిథిలమైంది. 1810లో ఇంగ్లీషువారు దీవిని గెలుచుకొన్న తరువాత, ఫర్ఖార్ అనే గవర్నరు కాలంలో మరొకసారి కట్టారు. అదీ నిలువలేదు. మనం శనివారం చూడబోయే రెండు చతురస్రపు గోపురాల కట్టడం 1930 ప్రాంతాలలో లేచినది. చూడండి, విచారణకు మూడువందల ఏండ్లు, గోడలకు నూరేండ్లు కూడా సరిగా లేవు.

ఇంగ్లీషువారు వచ్చారన్నాను కదా. సాధారణంగా కొత్త ప్రభువు వస్తే పాత దేవుడికి కష్టకాలం. ఇంగ్లీషువారు ప్రొటెస్టంటులు, ఇక్కడివారు కథోలికులు. అయినా 1810 డిసెంబరు 3న కుదిరిన ఒప్పందంలో, దీవివాసులు తమ మతాన్ని, చట్టాలను, ఆచారాలను కాపాడుకోవచ్చునని రాసుకొన్నారు. అందువలననే ఇంగ్లీషువారు నూట యాభై ఏళ్ళకు పైగా పాలించినా మన వీధులలో ఫ్రెంచి పోలేదు, ఆదివారం సేన్ లూయీ గంటలు ఆగలేదు. తమ కోసం ఇంగ్లీషువారు వేరే చర్చి ఏర్పాటు చేసుకొన్నారు. అది సేంట్ జేమ్స్ కథెడ్రల్. అది అంతకు ముందు ఫ్రెంచివారి మందుగుండు కొట్టు! గోడలు ఎంత మందమంటే తుఫాను రోజుల్లో జనం వెళ్ళి అందులో తలదాచుకొనేవారు. ఈ రెండు కథెడ్రళ్ళను కలిపివేసి పొరబడేవారు ఉన్నారు. మీరు పొరబడవద్దు.

ఇంతవరకు రాజులు, గవర్నర్లు, తుఫానులు. ఇక అసలు విషయానికి వస్తున్నాను.

1723లో ఫ్రెంచి రాజు ఈ దీవులకోసం ఒక శాసనం పంపాడు. బానిసలను ఎట్లా ఉంచాలి, ఎట్లా శిక్షించాలి అన్నది అందులో ఉన్నది. పారిపోయిన బానిసకు విధించే శిక్షలు నేను మీకు చెప్పను. మీరు పెద్దవారైన తరువాత చదువుకోవచ్చు. అదే శాసనంలో, యజమానులు తమ బానిసలకు జ్ఞానస్నానం ఇప్పించాలి, మతం నేర్పించాలి అని కూడా ఉన్నది. అంటే ఒక మనిషి ఇంకొక మనిషిని కొనవచ్చు, అమ్మవచ్చు, కాని అతని ఆత్మను మాత్రం దేవుని వద్దకు చేర్చాలి! ఇందులో ఎంత వింత ఉన్నదో చూడండి. ఆ చివరి షరతును కూడా యజమానులు ఎక్కువమంది పట్టించుకోలేదు. చదువు వస్తే, ప్రార్థన వస్తే, మనిషి తానూ మనిషినేనని తెలుసుకొంటాడని వారి భయం. 1794లో ఫ్రాన్సులోని విప్లవ ప్రభుత్వం బానిసత్వాన్ని రద్దు చేసింది. ఆ ఉత్తరువు తీసుకొని 1796లో ప్రతినిధులు ఇక్కడికి వస్తే, ఇక్కడి యజమానులు వారిని ఓడ ఎక్కించి తిప్పి పంపివేశారు.

బానిసత్వం ముగిసింది 1835 ఫిబ్రవరి 1న. ఆ రోజు మనకు సెలవు ఎందుకో మీకు తెలుసు. విడుదలైనవారు అరవై వేలకు పైమాటే. కాని విడుదల అయిన మరునాడే స్వేచ్ఛ రాలేదు. 'అప్రెంటిసులు' అని పేరు మార్చి మరికొన్ని సంవత్సరాలు పాత యజమానుల వద్దనే పనిచేయించారు. అది 1839 మార్చి 31తో ముగిసింది. పరిహారం కింద ఇంగ్లీషు ప్రభుత్వం ఇరవై లక్షల పౌన్లకు పైగా చెల్లించింది. ఎవరికి? బానిసలకు కాదు. యజమానులకు. ఈ సంగతి మొదటిసారి చదివినప్పుడు నేను ఆ వాక్యాన్ని మళ్ళీ చదివాను, తప్పు చదివానేమో అని.

ఇప్పుడు ఆ అరవై వేలమందిని ఒకసారి ఊహించుకోండి. తాతల నాటి ఆఫ్రికా భాషలు పోయాయి. మడగాస్కర్ భాష చాలావరకు పోయింది. పేర్లు కూడా యజమానులు పెట్టినవే. భూమి లేదు, బడి లేదు. వారికి మిగిలిన సొంత ఆస్తి ఒక్కటే – తోటలలో, రేవులో తమలో తాము మాట్లాడుకొంటూ తయారుచేసుకొన్న క్రియోలు. దానిని పెద్దమనుషులు భాషగానే లెక్కించేవారు కాదు. విరిగిపోయిన ఫ్రెంచి అని ఎగతాళి చేసేవారు. సేన్ లూయీ చర్చిలో ప్రార్థన లాటినులో, ప్రసంగం ఫ్రెంచిలో. ముందు వరుసలు యజమానులవి. విడుదలైన మనిషి ఆ గుమ్మం దగ్గర నిలబడితే లోపల తన కోసం ఏముంది?

1841 సెప్టెంబరు 14న ఒక ఓడలో బిషపుగారితోపాటు ఒక ఫాదరు దిగాడు. పేరు జాక్ దెజిరె లవాల్. మీ అందరికీ తెలిసిన 'పేర్ లవాల్' ఆయనే. 1803లో ఫ్రాన్సు దేశంలో, నార్మండీలోని క్రో అనే పల్లెలో పుట్టాడు. ఆయన ముందు వైద్యుడు. కొన్నేళ్ళు రోగులకు మందులిచ్చి, తరువాత ఆ వృత్తి వదిలి 1838లో ఫాదరయ్యాడు. చిన్న పల్లెలో విచారణ గురువుగా ఉండి, అక్కడి నుండి ఇంత దూరం వచ్చాడు. ఇక్కడ ఆయనకు అప్పగించిన పని ఒక్కటే – విడుదలైన బానిసల మంచిచెడ్డలు చూడడం. అరవై వేలమందికి ఒక మనిషి.

ఆయన నివాసం సేన్ లూయీ చర్చి వెనుక ఒక చిన్న గది. పెద్దలు భోజనానికి పిలిస్తే వెళ్ళేవాడు కాదు. ఆ గది ముందుకు సాయంకాలాలలో జనం రావడం మొదలయింది. పగలంతా రేవులో బస్తాలు మోసి, ఇళ్ళలో బట్టలు ఉతికి, చీకటి పడే వేళకు వచ్చేవారు. చదువు లేదు, పుస్తకం పట్టుకోవడం తెలియదు. మరి ఏ భాషలో చెబుతాడు?

ఇక్కడ ఆయన చేసిన పని మీరు బాగా గుర్తు పెట్టుకోండి. ఆయన వారికి ఫ్రెంచి నేర్పడానికి కూర్చోలేదు. తానే క్రియోలు నేర్చుకొన్నాడు. ఫ్రెంచి తల్లిభాషగా గల ఒక చదువుకొన్న వైద్యుడు, బస్తాలు మోసేవారి వద్ద వారి మాట నేర్చుకొన్నాడు. ఆ మాటలోనే, చిన్న చిన్న వాక్యాలలో, ప్రార్థనలను, జ్ఞానోపదేశాన్ని చెప్పాడు. ఒకరికి వచ్చినది ఇంకొకరికి చెప్పమన్నాడు. కొందరు స్త్రీలు, పురుషులు అట్లా నేర్చుకొని తామే ఉపదేశకులయ్యారు. వారు పేటలకు, పల్లెలకు వెళ్ళారు. అక్కడక్కడ చిన్న ప్రార్థనా మందిరాలు లేచాయి. ఒక్క ఫాదరు అన్ని వేలమందిని చేరగలిగాడంటే ఇట్లాగే చేరగలిగాడు.

మీకు సులువుగా అర్థం కావడానికి ఒక ఉదాహరణ చెబుతాను. 'నేను వెళుతున్నాను' అనడానికి ఫ్రెంచివారు 'జ వే' అంటారు. మీరు ఇంట్లో ఏమంటారు? 'మో పే అలే'. చూశారా, ఇందులో 'పే' అన్న చిన్న మాట, పని ఇప్పుడు జరుగుతున్నదని చెబుతుంది. తెలుగులో '-తున్నా' చేసే పని అదే. విరిగిన భాష అయితే దానికి ఇంత చక్కటి ఏర్పాటు ఎక్కడి నుండి వస్తుంది? తప్పులకు వ్యాకరణం ఉండదు. క్రియోలుకు ఉన్నది.

నా చిన్నప్పుడు నేను చదివిన ఒక బడిలో తరగతిలో క్రియోలు మాట్లాడితే బల్ల మీద నిలబెట్టేవారు. ఒకసారి నేను నిలబడ్డాను. పక్కపిల్ల రబ్బరు అడిగాను, అంతే. బల్ల మీది నుండి కిటికీలో మామిడిచెట్టు కనిపించేది. ఆ చెట్టు మీద ఎన్ని కాయలున్నాయో ఈ రోజుకీ చెప్పగలను. 2012 నుండి మన ప్రాథమిక పాఠశాలల్లో క్రియోలు కూడా ఒక పాఠ్యాంశం. తెలుగు ఎన్నుకొన్నవారు ఈ గదికి వస్తే, క్రియోలు ఎన్నుకొన్నవారు పక్క గదికి వెళ్తున్నారు. ఆ పక్క గది తలుపు చూసినప్పుడల్లా నాకు సేన్ లూయీ చర్చి వెనుక గది గుర్తుకొస్తుంది.

ఆదివారం మధ్యాహ్నం పూట ఆ చర్చిలో విడుదలైనవారి కోసం ప్రత్యేకంగా పూజ జరిపించేవాడు లవాల్. ఉదయం పూజలు పెద్దవారివి. మధ్యాహ్నం ఎండలో చెప్పులు లేని కాళ్ళతో వచ్చి వారు చర్చి నింపేవారు. ఇది నగరంలో అందరికీ నచ్చలేదు. కొందరు వచ్చి ఎగతాళి చేసేవారు, అల్లరి చేసేవారు. ఫాదరును సైతం పేర్లు పెట్టి వెక్కిరించేవారు. ఆయన గొడవ పెట్టుకోలేదు, పూజ మానలేదు. ఏండ్లు గడిచేకొద్దీ వెక్కిరింపులు తగ్గాయి, జనం తగ్గలేదు. 1847లో పోర్ట్ లూయిస్ పూర్తి అధికారాలు గల బిషపు పీఠమయింది. పత్రాలలో ఆ తేదీయే పెద్ద తేదీ. నన్నడిగితే, ఆ చర్చి నిజంగా ఈ నగరపు చర్చి అయినది ఆ మధ్యాహ్నపు పూజలతోనే.

ఒక్క మాట నిజాయితీగా చెప్పాలి. వేరే పూజ అంటే వేరే వేళ, వేరే జనం. ఒకే చర్చిలో, ఒకే పూజలో, యజమాని పక్కన పాత బానిస కూర్చున్న రోజు అప్పటికి రాలేదు. లవాల్ ఆ గోడను కూల్చాడని నేను చెప్పను. గుమ్మం దాటించాడని మాత్రం చెబుతాను.

ఇప్పుడు మొన్నటి ప్రశ్నకు వస్తున్నాను. మనకు చర్చితో పనేమిటి?

లవాల్ ఆ గదిలో సాయంకాలాలు కూర్చుని చెబుతున్న ఆ సంవత్సరాలలోనే, అక్కడికి నడిచివెళ్ళగల దూరంలో, రేవులో మనవాళ్ళు దిగారు. విడుదలైనవారు చెరకు తోటలకు తిరిగి వెళ్ళడానికి ఇష్టపడలేదు. ఎందుకు ఇష్టపడతారు? వారి చోట పనిచేయడానికి భారతదేశం నుండి కూలీలను తెచ్చారు. 1834 నవంబరు 2న 'అట్లాస్' ఓడలో కలకత్తా నుండి 36 మంది దిగారు. మధ్యలో కొంతకాలం ఈ వలసను ఆపివేశారు. మళ్ళీ తెరిచాక 1843 ఒక్క సంవత్సరంలోనే ముప్పై వేలమందికి పైగా వచ్చారు. ఆ సంవత్సరం వచ్చిన ఓడలలో ఒకదాని పేరు 'కోరింగా ప్యాకెట్'. అది కోరంగి నుండి తెలుగువారిని తెచ్చింది.

కోరంగి ఎక్కడో పటంలో చూపిస్తాను. ఇదిగో, కాకినాడకు దక్షిణాన, గోదావరి పాయ సముద్రంలో కలిసే చోట. పక్కనే యానాం. అది అప్పట్లో ఫ్రెంచివారిది. కోరంగి ఒకప్పుడు ఓడలు కట్టే పెద్ద రేవు. 1839 నవంబరులో వచ్చిన తుఫాను, ఉప్పెన ఆ ఊరిని తుడిచిపెట్టాయి. ఆ ఉప్పెన తరువాత నాలుగేండ్లకు ఆ రేవు పేరు పెట్టుకొన్న ఓడ ఇక్కడికి చేరింది. ఈ దీవిలో మన తాతముత్తాతలను ఎవరూ ఆంధ్రులనలేదు, తెలుగువారనలేదు. 'కోరంగీలు' అన్నారు. ఇప్పటికీ కొందరు ముసలివారి నోట ఆ మాట వినవచ్చు. 1849లో రేవులో వలస కూలీల డిపో కట్టారు. శనివారం మీరు ఎక్కబోయే పదహారు మెట్లు అక్కడివే.

కాబట్టి పిల్లలూ, 1843లో పోర్ట్ లూయిస్ వీధిని ఒకసారి కళ్ళ ముందు పెట్టుకోండి. ఒక పక్క నుండి విడుదలైన బానిస కుటుంబం చర్చి వైపు నడుస్తున్నది. ఇంకొక పక్క నుండి మెడలో రేకుబిళ్ళలతో కోరంగి కూలీలు తోటలకు వెళుతున్నారు. ఒకరి మాట ఒకరికి తెలియదు. ఒకరి మీద ఒకరికి ప్రేమ ఉండి ఉండదు కూడా. కొత్తగా వచ్చినవారి వలన కూలి తగ్గిపోతున్నదని పాతవారి బాధ. తోటలో తాము పడుతున్న పాటు బానిసలు పడిన పాటుకు ఎంత దగ్గరో కొత్తవారికి ఇంకా తెలియదు. ఇద్దరికీ ఈ దీవిలో చివరకు ఉమ్మడి భాష అయినది, చర్చి వెనుక గదిలో ఆ ఫాదరు కష్టపడి నేర్చుకొన్న క్రియోలే.

1860లలో తమిళం తెలిసిన జెస్యూట్ ఫాదర్లు భారతీయ కథోలికుల కోసం పోర్ట్ లూయిస్‌లో పని మొదలుపెట్టారు. ఆ కథ వేరు. మరోసారి చెప్పుకొందాం.

1854లో నగరంలో కలరా వచ్చింది. వైద్యం వదిలిన వైద్యుడు మళ్ళీ రోగుల మధ్యకు వెళ్ళాడు. ఇరవైమూడేండ్లు ఈ దీవిలో ఉండి, ఒక్కసారి కూడా సొంత దేశానికి తిరిగి వెళ్ళకుండా, 1864 సెప్టెంబరు 9న లవాల్ మరణించాడు. సేంత్ క్రువాలో సమాధి చేశారు. వేలాదిమంది వెంట నడిచారు. 1979 ఏప్రిల్ 29న రోములో ఆయనను ధన్యులుగా ప్రకటించారు. 2019 సెప్టెంబరు 9న పోపు ఫ్రాన్సిస్ ఆ సమాధి వద్దకు వచ్చి ప్రార్థించారు.

ఆయన పోయిన తరువాత రెండేండ్లకు నగరానికి మలేరియా వచ్చింది. 1866 నుండి 1868 వరకు అది ఎంతమందిని తీసుకుపోయిందంటే, డబ్బున్నవారు పోర్ట్ లూయిస్ విడిచి క్యూర్‌పీప్ వంటి ఎత్తు ప్రాంతాలకు తరలిపోయారు. సేన్ లూయీ చర్చి ముందు వరుసలలో కూర్చొనేవారు అట్లా కొండ ఎక్కారు. విచారణలో మిగిలినది ఎక్కువగా వెళ్ళడానికి వేరే చోటు లేనివారు, అంటే మధ్యాహ్నపు పూజకు వచ్చినవారి పిల్లలు. 1892 ఏప్రిల్ 29న వచ్చిన తుఫానులో ఆ పేదల పేటలే ఎక్కువ కూలాయి. విచారణ మాత్రం మూతపడలేదు.

మా అమ్మమ్మ గురించి చెప్పి ముగిస్తాను. ఆవిడ కథోలికురాలు కాదు. ఇంట్లో సింహాద్రి అప్పన్న పటం, అమ్మోరి పండుగ, రామభజనలు అన్నీ ఉండేవి. అప్పన్న పటం పక్కనే పేర్ లవాల్ పటం కూడా ఉండేది. ప్రతి సంవత్సరం సెప్టెంబరు 8 రాత్రి మా ఊరి నుండి సేంత్ క్రువాకు నడిచి వెళ్ళేది. నన్ను రెండుసార్లు తీసుకొని వెళ్ళింది. దారి పొడుగునా జనం. హిందువులు, ముస్లిములు, చీనావారు, క్రియోలులు. ఎవరో అపరిచితులు మాకు టీ ఇచ్చారు. నా కాళ్ళు నొప్పి పుట్టి ఏడిస్తే అమ్మమ్మ రోడ్డు పక్కన కూర్చోబెట్టి పాదాలు వత్తింది. సమాధి దగ్గర కొవ్వొత్తి వెలిగించి ఆవిడ మొక్కుకొన్న భాషలో సగం తెలుగు, సగం క్రియోలు. "మో పేర్, ఈ పిల్లకు చదువు రావాలి" అని. చిన్నదాన్ని కదా, "అమ్మమ్మా, ఆయనకు తెలుగు వస్తుందా?" అని అడిగాను. "రాకపోతే నేర్చుకొంటాడులే" అంది.

సరే. శనివారం ఎనిమిది గంటలకు బస్సు బయలుదేరుతుంది. టోపీ, నీళ్ళ సీసా మరువకండి. పోర్ట్ లూయిస్ ఎండ సంగతి మీకు తెలుసు. చర్చి ఎదుట ఫ్రెంచి కాలం నాటి ఫౌంటెను ఉన్నది, అక్కడ గుమిగూడి ఫొటోలు దిగుతూ వెనుకబడవద్దు. చర్చి లోపల పూజ జరుగుతూ ఉంటే చివరి వరుసలో కూర్చుని నెమ్మదిగా చూద్దాం. జరగకపోతే ఒకసారి చుట్టూ తిరిగి, వెనుక వైపుకు కూడా వెళ్దాం. ఇక ఎవరికైనా ప్రశ్నలుంటే చేతులెత్తండి.